కుంచాల లెక్కలో మా మేక

మా అమ్మ మీద నాకు కోపం రావడం కొత్తేం కాదు. ఏదైనా చెప్పి చేస్తే కోపం, చెప్పకుండా చేస్తే ఇంకా కోపం. ఆ ఏడు కోతల పండగ పొద్దున మాత్రం చెప్పకుండానే చేసింది. గిద్దలూరులో మొదటి బస్సెక్కి, పిల్లను చంకనేసుకుని నేను పుట్టింటి వాకిట్లోకి వచ్చేసరికి అమ్మ మేకకు సబ్బు రుద్ది స్నానం చేయిస్తోంది. పక్కన చేటలో గులాబీ రంగు కాగితం పూలు, దారపు ఉండ ఉన్నాయి.

మా ఊళ్ళో మేకకు స్నానం చేయించి కొమ్ములకు కాగితం పూలు కడుతున్నారంటే ఒకటే అర్థం. దాన్ని చర్చికి కానుకగా తోలుకుపోతున్నారు.

"ఏందమ్మా ఇది?" అన్నాను, భుజం మీది సంచి కూడా దించకుండా.

"మొక్కు," అంది, నా ముఖం చూడకుండా.

"ఏం మొక్కు? ఎప్పుడు మొక్కినావు?"

"మీ నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు. నడిచి ఇంటికొస్తే మేకనిస్తానని దేవునితో అన్నా. నడిచొచ్చినాడు గదా. పోయినేడు మనసొప్పక ఎగ్గొట్టినా. ఈ యేడు కూడా ఇయ్యకపోతే ఎట్లమ్మే?"

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాయనను మార్కాపురం తీసుకుపోయారు. వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు. అమ్మ బయట గోడ నీడన కూర్చుని, లోపలి నుంచి ఎవరు వచ్చినా లేచి నిలబడేది. అక్కడే మొక్కి ఉంటుంది. నాకు చెప్పలేదు, నాయనకు అసలే చెప్పలేదు.

నాయన బతికి వచ్చాడు గానీ మనిషి సగమై వచ్చాడు. బస్తాలు ఎత్తిన భుజాలు. ఇప్పుడు నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. కూలికి పోలేడు. డాక్టరు రోజూ నడవమన్నాడు. అమ్మ బతిమాలింది, నేను వచ్చినప్పుడల్లా అరిచాను, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి మరీ చెప్పారు. ఎవరి మాటా వినలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయనను మంచం మీది నుంచి లేపింది ఆ మేకే. పొద్దెక్కేసరికి గుంజ దగ్గర నిలబడి ఒకటే అరుపు. ఆ గోల పడలేక ఒకరోజు తిట్టుకుంటూ లేచి తాడు విప్పాడు. మొదట తుమ్మచెట్ల దాకా తిప్పుకొచ్చాడు, తర్వాత్తర్వాత కొండవాగు దాకా పోయేవాడు. పాలు పితికి టీకొట్టుకు పోసి, అక్కడే ఒక టీ తాగి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాడు. మా ఇంట్లో మళ్ళీ మగగొంతు వినపడటం మొదలైంది ఆ మేక పుణ్యమే.

ఆ మేక పోతే నాయన మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. అమ్మ చేతిలో సబ్బు చూడగానే సంచి కూడా దించకుండా నేను అడిగింది అందుకే.

వేపపుల్ల నోట్లో పెట్టుకుని నాయన దొడ్డివైపు నుంచి వచ్చాడు. మేకను చూశాడు, పూలను చూశాడు. చెప్పేదేముంది, ఆయనకూ అర్థమైంది. పుల్ల తీసి పారేశాడు.

"నన్నడగకుండా నా మేకను ఇచ్చేస్తాండావా?"

"నిన్నడిగితే ఒప్పుకుంటావా? నీ కోసం మొక్కిందే."

"ఓహో! అయితే నా పానం ఖరీదు ఒక మేకన్నమాట. బాగా కట్టినావే!"

"అట్ల మాట్లాడొద్దు."

"ఎట్ల మాట్లాడాలి మరి? నేను పోయింటే నీకు మేకన్నా మిగిలుండు గదా!"

అమ్మ ముఖం నల్లబడిపోయింది. ఆ మాట అన్నాక నాయనకూ తను ఎంత అన్నాడో తెలిసినట్టుంది, కానీ మా నాయన అన్న మాటను వెనక్కి తీసుకునే రకం కాదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఈ పొద్దు నేను చర్చి గడప తొక్కను. మీరూ మీ దేవుడూ చూసుకోండి," అని దగ్గుకుంటూ వీధిలోకి పోయాడు.

నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఏమన్నానో రాస్తే మర్యాదగా ఉండదు. అంతా విని అమ్మ మేక చెవులు తుడుస్తూ, "అరవొద్దు, పిల్ల జడుసుకుంటాది. మేక యాడికీ పోదు. నువ్వు వేలంపాటలో పాడి విడిపించు. అందుకే నిన్ను రమ్మని ఫోన్ చేయించినా," అంది.

అదీ సంగతి. పండక్కి రమ్మంటే ప్రేమతో పిలిచిందనుకున్నాను.

ఈ పాట గురించి చెప్పాలి. మా సంఘంలో అంతా కూలినాలి చేసుకునే వాళ్ళమే. కంది కోతలు అయిపోయి, నూర్పిళ్ళు కూడా అయ్యాక కోతల పండగ వస్తుంది. ఎవరికి ఉన్నది వాళ్ళు తెస్తారు: గుమ్మడికాయ, గుడ్లు, కోడి, అరటిగెల. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అన్ని ఊళ్ళ చర్చిల్లోనూ ఉన్నదే. మా ఊళ్ళో తేడా ఏమిటంటే పాట రూపాయల్లో సాగదు, కందుల్లో సాగుతుంది. వెనకటి రోజుల్లో కోతకూలి కందులుగానే ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆ వేళకు అందరి ఇళ్ళలోనూ ఉండేది అదొక్కటే. ఇప్పుడు పిల్లకాయలంతా ఫోన్లలోనే డబ్బులు కొడుతున్నా, మా సంఘపెద్ద మాత్రం కుంచం వదలడు. వరసకు నాకు పెదనాయన అవుతాడు. చేసేది వడ్రంగం పని. బల్లమీద బైబిలు పక్కన ఇనుప కుంచం పెట్టి, దాని పక్కన మానిక పెట్టి, "నాలుగు మానికలు ఒక కుంచం. తలకొట్టి కొలవాల, గోపురం పోసేది లేదు," అని ప్రతి ఏడూ మొదలుపెడతాడు.

కందులు చాలని వాళ్ళు ఇంట్లో వస్తువులు ఇవ్వొచ్చు. ఏ వస్తువుకు ఎన్ని కందులో పాటకు ముందే పెదనాయన చెప్తాడు. ఆ రేట్లు దాటి ఎవరూ వాదించకూడదు. పాడేటప్పుడు మాత్రం నోటివెంట కుంచాలూ మానికలే రావాలి. ఏం వస్తువు ఇస్తామో అప్పుడు చెప్పే పని లేదు, తర్వాత చర్చి అరుగు మీద లెక్క తేల్చుకుంటారు.

ఇంకొక మర్యాద కూడా ఉంది. కానుక ఇచ్చిన ఇంటివాళ్ళు దాన్ని తిరిగి పాడుకోవాలనుకుంటే మిగతావాళ్ళు అడ్డురారు. పాట పాడినట్టు ఉండటానికి ఒకరు ఒక మానిక పెంచుతారు, అంతే. దేవునికి కందులు అందుతాయి, ఇంటికి మేక మిగులుతుంది. అమ్మ ధైర్యం అదే.

"ఇంట్లో ఏమున్నాయి?" అన్నాను కోపం దిగమింగుకుని.

నాకు ఇట్లాంటి లెక్కలు అలవాటే. గిద్దలూరులో నేను పనిచేసేది సామాన్ల అంగడిలో. పాత ఇత్తడి చెంబు తెచ్చి స్టీలు డబ్బా అడిగేవాళ్ళు, చిల్లుపడిన అల్యూమినియం గిన్నెలు తెచ్చి కుక్కర్ అడిగేవాళ్ళు. దేనికి ఏది సమానమో చూపుతోనే చెప్పాలి. ఎక్కువ చెప్తే యజమాని ఊరుకోడు, తక్కువ చెప్తే ఆడవాళ్ళు ఊరుకోరు. అమ్మ చెప్తుంటే నేను వేళ్ళమీద మడుచుకున్నాను. బస్తాలో కందులు ఆరు కుంచాలు. గంపకింద పెట్టలు నాలుగు, పుంజు ఒకటి. అటక మీద గంపెడు చింతపండు. రెండు స్టీలు బిందెలు.

"బిందెలు ఎందుకులే," అంది అమ్మ. "కందులతోనే అయిపోతాది. ఆరు దాటదు."

పదింటికల్లా చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళు ఒకవైపు చాపలమీద, మగవాళ్ళు ఒకవైపు. అమ్మ ముందు వరసలో కొంగు కప్పుకుని కూర్చుంది. నేను పిల్లను ఒళ్ళో వేసుకుని పక్కన కూర్చున్నాను. మా మేకను బయట కిటికీ ఊచకు కట్టేశారు, అది కాగితం పూలు ఊడబెరికి తింటూ ఉంది. ప్రసంగం ఏం సాగిందో నాకు తెలియదు. నాయన యాడికి పోయినాడో, అన్నం తిన్నాడో లేదో అన్నదే నా బెంగ.

ఆరాధన అయ్యాక పెదనాయన లేచి రేట్లు చెప్పాడు. "పెట్ట ఒక కుంచం. పుంజు కుంచంన్నర. గంప చింతపండు మూడు కుంచాలు. స్టీలు బిందె రెండు కుంచాలు. డజను గుడ్లు ఒక మానిక." నేను గబగబా కూడుకున్నాను. బిందెలతో సహా ఇల్లు ఊడ్చిపెడితే పద్దెనిమిదిన్నర కుంచాలు. అంతదాకా పోయే పని లేదులే అనుకున్నాను.

గుమ్మడికాయలు అయ్యాయి, గుడ్లు అయ్యాయి, ఒక ముసలమ్మ తెచ్చిన జామకాయల బుట్ట నవ్వులతో అయిపోయింది. తర్వాత మేక.

"పాడిమేక. ఐదు కుంచాల కాడ మొదలు," అన్నాడు పెదనాయన.

"ఐదు కుంచాల ఒక మానిక," అని వెనకనుంచి ఎవరో మర్యాదకు అన్నారు.

"ఆరు," అన్నాను.

పెదనాయన నా వైపు చూసి తలూపాడు. "ఆరు కుంచాలు ఒకటోసారి..."

"పది!"

అందరూ తలలు తిప్పారు. అన్నది మా మామ. అమ్మకు పినతల్లి కొడుకు, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. రోజూ మా ఇంట్లో కాఫీ తాగే మనిషి! ఎగబడి ఒకేసారి నాలుగు కుంచాలు పెంచాడు. ఎవరూ అట్లా పాడరు, మానిక మానిక పెంచుతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది.

"పది కుంచాల ఒక మానిక," అన్నాను మామ కళ్ళలోకి చూస్తూ.

మామ నా చూపు తప్పించుకున్నాడు. లేచి మేక కట్టేసిన కిటికీ దగ్గరికి పోయాడు. దగ్గొచ్చినట్టు బయటికి వంగాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పదకొండు కుంచాల రెండు మానికలు."

"దేవునికి స్తోత్రం!" అన్నాడు పెదనాయన సంబరంగా. ఆయనకేం, ఎంత పెరిగితే సంఘానికి అంత.

"పదకొండు కుంచాల మూడు మానికలు," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. వెనకనున్న ఆమెకు అందించాను.

మామ మళ్ళీ కిటికీ దగ్గరికి పోయాడు, మళ్ళీ వచ్చాడు. "పద్నాలుగు కుంచాల రెండు మానికలు."

ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. ఇచ్చినింటి ఆడబిడ్డ పాడుతుంటే పోటీ ఏంది అని ఒకామె పైకే అంది. మామ చెవులు ఎర్రబడ్డాయి. ఈయనకు మా మేక ఎందుకు? కోసుకు తినడానికా? పెళ్ళా, పేరంటమా ఆయనింట్లో? నేను ఆగలేకపోయాను. "పద్నాలుగు కుంచాల మూడు మానికలు!" అని అరిచినట్టే అన్నాను.

మామ మళ్ళీ లేచాడు. ఆయన కిటికీ దగ్గర వంగి ఉన్నంతసేపూ, నా దగ్గర ఇంకా ఏం మిగిలిందో చూసుకుందామని నేను మొదటినుంచి కూడుకోవడం మొదలుపెట్టాను. బస్తాలో కందులు ఆరు. నాలుగు పెట్టలు కలిపితే పది. పుంజు కలిపితే పదకొండున్నర. చింతపండు కలిపితే పద్నాలుగున్నర.

పది. పదకొండున్నర. పద్నాలుగున్నర.

నా వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. అవి మామ పాడిన అంకెలు. ఒక్క మానిక కూడా అటూ ఇటూ కాలేదు. ఆయన పాడుతున్నది మా బస్తా, మా పెట్టలు, మా పుంజు, మా చింతపండు! కిటికీ అవతల మేక పక్కన గోడకు ఆనుకుని ఎవరు కూర్చున్నారో చూడాల్సిన పని లేకపోయింది. గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి గడప తొక్కకుండానే పాటకొచ్చాడు. మా నాయనకు ఒక వస్తువును చిల్లర చేసి పాడటం చేతకాదు. పెడితే వస్తువుకు వస్తువు పెడతాడు.

అయితే నాతో పోటీ ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు కూడా అప్పుడే తట్టింది. నా మొగుడి తల్లి, మా అత్త! పసిబిడ్డకు మేకపాలు మంచివి, మీ పుట్టింటి మేకను తోలుకురాకూడదా అని పోయిన క్రిస్మసుకు మా నాయన వాకిట్లోనే నిలబడి, వీధంతా వినేలా అడిగిపోయింది. నేను అత్తగారింటి కోసం పాడుతున్నానని అనుకుంటున్నారు ఈ ఇద్దరూ. మొగుడూ పెళ్ళాం ఒక్కమాట మాట్లాడుకుని ఉంటే ఈ కర్మ ఉండేదా? ఒకే గంపకింద కోళ్ళను అమ్మ తరఫున నేనొకసారి, నాయన తరఫున మామ ఒకసారి పాడుతున్నాం.

మామ కిటికీ దగ్గరనుంచి తిరిగి వస్తున్నాడు. తర్వాత ఏం మిగిలాయో నాకు తెలుసు. బిందెలు.

"మామా, ఆగు! పాడొద్దు!" అని లేచి నిలబడ్డాను.

"పాటలో మాటలొద్దు పాపా, కూర్చో," అన్నాడు పెదనాయన.

"అది కాదు పెదనాయనా, ఈయన..."

"పద్దెనిమిది కుంచాల రెండు మానికలు!" అనేశాడు మామ, నేను బతిమాలుతున్నానేమోనని కంగారుపడి. ఆ కంగారులో ఇంకాస్త గట్టిగా అన్నాడు.

నేను కూర్చుండిపోయాను. ఇల్లంతా పాటలోకి వచ్చేసింది. సరే, పోనీ, నేను నోరు మూసుకుంటే మేక నాయనకే వస్తుంది గదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. తిండిగింజలు పోతే పోయాయి, నేను గిద్దలూరు నుంచి పంపుకుంటాను. పెదనాయన చెయ్యి ఎత్తాడు. "పద్దెనిమిది కుంచాల రెండు మానికలు ఒకటోసారి..."

"పంతొమ్మిది."

ఈసారి గొంతు మా ఊరిది కాదు. యర్రగొండపాలెం వైపు నుంచి పండక్కి చుట్టపుచూపుగా వచ్చినాయన, ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకుని ద్వారం దగ్గర కూర్చున్నాడు. మేకలు మేపే మనిషి. పాట మొదలైనప్పటి నుంచీ మా మేక పొదుగు వైపే చూస్తున్నాడు. ఇచ్చినవాళ్ళు పాడుకుంటున్నారని మర్యాదకు ఊరుకున్నవాడు, మేమిద్దరం పందెం కోళ్ళలా కొట్టుకోవడం చూశాక, ఇది అందరి పాటే అనుకున్నాడు. ఆయనను అనడానికి ఏం లేదు. మర్యాద తెంపింది మేమే.

మామ నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ తిప్పి ఖాళీ అని చూపించాను. నేనిక పాడనని అప్పుడు అర్థమైంది ఆయనకు. 

"పంతొమ్మిది కుంచాలు ఒకటోసారి," అన్నాడు పెదనాయన.

మామ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. నాకు అంత దూరానికి మాటలు వినపడలేదు, నాయన దగ్గు మాత్రం వినపడింది. అమ్మకూ వినపడింది. కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసి, నా వైపు చూసింది. "మీ నాయనా?" అంది. తలూపాను. "ఈయనతో పాడించింది మీ నాయనా?" అని మళ్ళీ అడిగింది, అర్థం కాక. అంతా ఒక్క ముక్కలో ఆమె చెవిలో చెప్పాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. 

"రెండోసారి..."

"పెదనాయనా, కాస్త గుక్క తిప్పుకోనీ!" అన్నాను. ఎవరు గుక్క తిప్పుకోవాలో, ఎందుకో నాకే తెలియదు. మా ఇంట్లో ఇంకేముందని? మంచం నులకది, విరిగింది. గ్యాసుపొయ్యి సగం తుప్పు. నా మెడలో ఉన్నది నా మొగుడిది, అది తీసిస్తే రేపు మా అత్త చేతిలో నా బతుకు చెప్పక్కర్లేదు. అయినా చెయ్యి మెడమీదికి పోయింది. పోయి అక్కడే ఆగింది.

పెదనాయన నా ముఖం చూసి కాసేపు నిజంగానే ఆగాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, నీళ్ళు తాగాడు. ఎర్ర తువ్వాలు ఆయన, "అయిపోలేదా?" అని అడిగాడు. పెదనాయన నోరు తెరవబోతుండగా మామ కిటికీ ఊచలు వదిలి ఇటు తిరిగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఇరవై రెండు," అన్నాడు మెల్లగా.

 ఎర్ర తువ్వాలు ఆయన మేక వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, "ఇంగ నా వల్ల కాదు," అన్నాడు. పెదనాయన మూడుసార్లూ అనేసి కుంచం మీద చేత్తో కొట్టాడు.

నాకు సంతోషం కలగలేదు. పద్దెనిమిదిన్నర తీసేస్తే మూడున్నర. మా ఇంట్లో మూడున్నర కుంచాలు చేసే వస్తువు ఏముంది? ఎంత వెతికినా నా లెక్కకు అందలేదు.

బయటికి వచ్చేసరికి నాయన మేక తాడు పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"మీ అత్తకు అంత ఆశేందమ్మా? నా కొంప ముంచితివి గదా!"

"మా అత్తకా! నేను పాడింది నీకు నాయనా! అమ్మ నీకోసమే పాడమంది. నువ్వేంది, దొంగమాదిరి కిటికీలోనించి? ఒక్కమాట అడిగుంటే ఆరు కుంచాలతో పోయేది!"

ఇంకా చాలా అన్నాను. వింటూ వింటూ నాయన గోడకు ఆనుకున్నాడు. "ఆరుతోనా?" అన్నాడు. కాసేపటికి, "మీ అమ్మ పాడమందా?" అన్నాడు. ఆయన నన్ను దాటి అమ్మ వైపు చూస్తున్నాడు. అమ్మ ఆయన దగ్గరికి రాలేదు. ఇంటిదారి పట్టింది.

వస్తువులు అప్పటికప్పుడే అరుగు మీదికి చేర్చాలి. తక్కువ పడితే మేక రెండో పాటగాడికి పోతుంది. ఎర్ర తువ్వాలు ఆయన బీడీ వెలిగించి అక్కడే నిలబడ్డాడు. మేము ఇల్లు ఊడ్చాం. నేను కందులు మోశాను, అమ్మ కాళ్ళు కట్టిన కోళ్ళను తలకిందులుగా పట్టుకుని తెచ్చింది. చింతపండు గంప తెచ్చాం. బిందెల్లో నీళ్ళు వాకిట్లో పారబోసి వాటినీ తెచ్చాం. పెదనాయన కందులు తలకొట్టి కొలిచాడు. పద్దెనిమిది కుంచాల రెండు మానికలు.

"ఇంకా మూడున్నర," అన్నాడు.

నాయనా, మామా వీధి మలుపులో కనిపించారు. ముందు నాయన, వెనక మామ, భుజాల మీద పలకలు. నాలుగడుగులకు ఒకసారి ఆగుతున్నారు. నేను ఎదురుపోబోతే నాయన వద్దని కళ్ళతోనే చెప్పాడు. తెచ్చి అరుగు మీద దించారు. పొడుగ్గా, నున్నగా చిత్రిక పట్టిన ఐదు వేపపలకలు.

అవేమిటో ఊరందరికీ తెలుసు. మా పెరట్లో వేపచెట్టు గాలివానకు పడినప్పుడు నాయన దాన్ని అమ్మకుండా కోయించి దూలాలమీద పెట్టుకున్నాడు. నేను పోతే నన్ను ఊరిపేరు చెప్పి అడుక్కొచ్చిన చెక్కలో పెట్టొద్దు, నా సమాధిపెట్టెకు నా చెట్టే, అనేవాడు. మాకు చిన్నప్పటినుంచీ విని విని ఆ మాటంటే బెదురు పోయింది. కానీ మార్కాపురం నుంచి ఫోన్ వచ్చి, ఈ రాత్రి గడవడం కష్టం, ఇంటికాడ అన్నీ చూసుకోండి అని చెప్పిన రోజున ఆ పలకలను నేనే దింపించాను. పెదనాయన వచ్చి, జేన పెట్టి, నాయన ఎంత పొడుగుంటాడో నన్నే అడిగి కొలిచి, గీత పెట్టి పోయాడు. తర్వాత వాటిని మళ్ళీ పైకెక్కించారు. అమ్మ ఆ దూలాల కిందే పడుకుని లేస్తూ ఉంది.

పెదనాయన వంగి పలక మీద చెయ్యి పెట్టాడు. ఆయన గీసిన పెన్సిలు గీత ఇంకా ఉంది. చెయ్యి తీసేశాడు.

"వీటికి నన్నేం రేటు కట్టమంటావురా?" అన్నాడు నాయనతో. 

నాయన ఆయాసంతో అరుగు అంచు పట్టుకున్నాడు. మేక తాడు ఈడ్చుకుంటూ ఆయన దగ్గరికి పోయి తువ్వాలు అంచు నములుతోంది. ఎర్ర తువ్వాలు ఆయన బీడీ పారేసి ముందుకొచ్చాడు, చూసి వెనక్కి తగ్గాడు. 

అమ్మ పైకొచ్చింది. పొద్దున్నుంచీ మొగుడి వైపు కన్నెత్తి చూడని మనిషి, పోయి మేక తాడు అందుకుని, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని నిలబెట్టింది.

"ఎంతకైనా కట్టు బావా," అంది పెదనాయనతో. "తక్కువ పడితే ఎండాకాలమంతా చర్చి నేను ఊడుస్తా. వాటిని మాత్రం మల్ల మా ఇంటికి పంపొద్దు."

పెదనాయన జేన పెట్టి కొలవలేదు.

"మూడు కుంచాల రెండు మానికలు," అన్నాడు. "సరిపోయింది. తోలుకుపోండి."